దారి మీద వెలిగే బోర్డు డ్రైవరుకు ఎంత ఉపయోగం?

కార్తీకం వచ్చిందంటే మదురై నుంచి తేని మీదుగా కుమిళి వెళ్ళే రోడ్డు సగం తెలుగువాళ్ళదైపోతుంది. నల్లబట్టల స్వాములతో నిండిన వ్యాన్లూ బస్సులూ గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో బయల్దేరి, మీనాక్షమ్మ దర్శనం చేసుకుని శబరిమల వైపు కొండెక్కుతుంటాయి. రద్దీ ముదిరాక తేని జిల్లా పోలీసులు అక్కడ ఒక ఏర్పాటు చేస్తుంటారు. వెళ్ళే బళ్ళు కంబం దగ్గర విడిపోయి కంబంమెట్టు ఘాట్ ఎక్కాలి, తిరిగొచ్చేవి కుమిళి ఘాట్ దిగాలి. ఇరుకు మలుపుల్లో బస్సులు ఎదురుపడి ఇరుక్కుపోకుండా ఇది మంచి ఏర్పాటే. అయితే ఈ సంగతి డ్రైవరు చెవిన ఎక్కడ పడాలి? కంబం దాటి కుమిళి దారిలో సగం దూరం పోయాక తెలిస్తే, యాభైమంది స్వాములున్న బస్సును ఆ రోడ్డు మీద వెనక్కి తిప్పుకోవాలి. కంబం రాకముందే, అర్ధరాత్రి నిద్రమత్తులో ఉన్న డ్రైవరుకు కూడా కనిపించేలా, అర్థమయ్యేలా తెలియాలి. జాతీయ రహదారుల మీద గ్యాంట్రీలకు వేలాడదీసిన ఎల్‌ఈడీ బోర్డులు ఇలాంటి పనికోసమే పుట్టాయి. ఆ పని అవి చేస్తున్నాయా అన్నదే ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం.

కోయంబత్తూరు, మదురై ప్రాంతాల తెలుగువాళ్ళకు రోడ్డు గొడవ కొత్తది కాదు. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురైలో పాలన మొదలుపెట్టిన నాటి నుంచి ఆంధ్రదేశపు కుటుంబాలు దక్షిణానికి వచ్చి స్థిరపడుతూనే ఉన్నాయి. 17వ శతాబ్దం చివర మదురైని ఏలిన రాణి మంగమ్మకు కోటలకన్నా దారులవల్లే ఎక్కువ పేరొచ్చింది. కన్యాకుమారి వైపు వెళ్ళే పాత బాటను తమిళులు ఈనాటికీ మంగమ్మాళ్ సాలై అనే అంటారు. దారి పొడవునా చెట్లు నాటించి, సత్రాలు కట్టించిన ఆమె పేరుతో మదురై రైల్వే స్టేషనుకు ఎదురుగా ఇప్పటికీ ఒక సత్రం ఉంది. కోయంబత్తూరు పక్కన కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడు 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి యు.ఎం.ఎస్. అనే బస్సుల సంస్థగా పెంచాడు. ఉప్పిలిపాళయం నుంచి గోల్డ్‌విన్స్ దాకా అవినాశి రోడ్డు మీద పది కిలోమీటర్ల పొడవున కట్టిన ఫ్లైఓవర్‌కు 2025 అక్టోబరులో ఆయన పేరే పెట్టారు. దాని కిందనే పీలమేడు ఉంది. ఒకప్పటి నాయుళ్ళ పల్లె అది, ఈనాడు కాలేజీలూ ఆస్పత్రులూ మిల్లులతో ఊపిరాడని కూడలి. ఫ్లైఓవర్ ఎక్కాలా, కింద రోడ్డు పట్టాలా అని గోల్డ్‌విన్స్ దగ్గర క్షణంలో తేల్చుకునే డ్రైవరుకు ముందుగా ఒక మాట అందితే ఎంత మేలో ఆ దారిన వెళ్ళినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

మన దేశంలో ఈ బోర్డులకు ఒక శాస్త్రం అంటూ ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2010లోనే మారే సందేశాల బోర్డులకు మార్గదర్శకాలు వెలువరించింది. జాతీయ రహదారుల సంస్థ తన ట్రాఫిక్ నిర్వహణ వ్యవస్థ ప్రమాణాలను 2023లో మార్చింది. కెమెరాలు, కంట్రోల్ రూము, ప్రమాదాన్ని పసిగట్టే యంత్రాలు, 1033 అత్యవసర నంబరు, బోర్డులు అన్నీ కలిస్తేనే ఒక వ్యవస్థ. గొలుసులో డ్రైవరు కంటికి ఆనే చివరి కొక్కెం బోర్డు ఒక్కటే. మిగతా అంతా బాగుండి చివరి కొక్కెం ఊడితే కెమెరాలు చూసినదంతా వృథా. మనకు ఎక్కువగా జరుగుతున్నది వేరే రకం నష్టం. బోర్డు వెలుగుతూనే ఉంటుంది, దాని వెనక గొలుసు ఉండదు. సేలం నుంచి కోయంబత్తూరు వచ్చే 544 మీదైనా, దిండిగల్, మదురై, విరుదునగర్ దాటి పోయే 44 మీదైనా డ్రైవర్లను అడిగి చూడండి. సీటు బెల్టు పెట్టుకోమనీ, తాగి నడపవద్దనీ, వేగం ప్రాణాంతకమనీ బోర్డులు చెప్పడం గుర్తుంది అంటారు. ముందున్న ప్రమాదం గురించి చెప్పిన సందర్భం గుర్తు చేసుకోమంటే ఆలోచనలో పడతారు.

బోర్డు చదవడానికి డ్రైవరుకు దొరికే సమయం ఎంతో లెక్క వేస్తే చాలా విషయాలు వాటంతటవే తేలిపోతాయి. పెద్ద రోడ్ల మీద బోర్డు అక్షరం ఎత్తు సుమారు 45 సెంటీమీటర్లుండాలని అమెరికా ప్రమాణం చెబుతుంది. అలాంటి అక్షరం పగలు సుమారు 240 మీటర్ల నుంచి, రాత్రి 180 మీటర్ల నుంచి చదవగలిగేలా ఉండాలి. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. అంటే పగటిపూట ఎనిమిదిన్నర సెకన్లు, రాత్రి ఆరున్నర. బోర్డు దగ్గర పడ్డాక అద్దంలోంచి పైకి జారిపోయి కనిపించదు కాబట్టి చివరి సెకనో రెండో పోయినట్టే. ముందు కంటైనర్ లారీ ఉంటే ఇంకాస్త పోతుంది. మిగిలిన ఆ కాసేపట్లో కూడా కళ్ళు రోడ్డు మీద, అద్దాల మీద, పక్క లేన్ మీద తిరుగుతూ ఉండాలి. టెక్సాస్ రవాణా పరిశోధకుడు కాన్రాడ్ డ్యూడెక్ దశాబ్దాల పరిశీలన తర్వాత హైవే వేగంలో డ్రైవరుకు నాలుగు సమాచార ముక్కలకు మించి ఇవ్వకూడదని తేల్చాడు. ప్రమాదం. కరుమత్తంపట్టి దగ్గర. ఎడమ లేన్ మూత. సర్వీసు రోడ్డు పట్టండి. ఇవే నాలుగు ముక్కలు. ఇక్కడ డ్రైవరుకు ఏం జరిగిందో, ఎక్కడో, తానేం చేయాలో మొత్తం అందింది. దీనికి బదులు ఒక నీతివాక్యాన్ని కుడి నుంచి ఎడమకు పాకిస్తే, దాన్ని పూర్తిగా చదవాలనుకునే డ్రైవరు రోడ్డు వదిలి బోర్డునే చూస్తూ ఉండాలి. అందుకే అమెరికా ప్రమాణాలు పాకే అక్షరాలను నిషేధించాయి. మన దగ్గర అవి ఇంకా పాకుతూనే ఉన్నాయి. వీటిని వెంటనే ఆపాలి, ఆపడానికి పైసా ఖర్చు లేదు.

ఉపయోగం గురించి ప్రపంచంలో జరిగిన అధ్యయనాలు ఒకే మాట చెప్పవు. లండన్ బోర్డుల మీద 2002లో వచ్చిన పరిశోధన ఇందులో బాగా తెలిసినది. అసలు బోర్డు మీది సమాచారం చూసినవాళ్ళు డ్రైవర్లలో మూడోవంతే అని అది తేల్చింది. చూసినవాళ్ళు ఉపయోగపడిందన్నారు, కానీ దారి మార్చినవాళ్ళు కొద్దిమందే. ప్రశ్నాపత్రాల్లో దారి మారుస్తామని చెప్పినదాన్ని బట్టి ఎంతమంది మారతారని ఊహించారో అందులో అయిదోవంతు మాత్రమే నిజంగా మారారు. నార్వేలో దారి మళ్ళింపు బోర్డులను పరిశీలించినవాళ్ళకు దాదాపు అయిదింట ఒక బండి మాట విని మళ్ళినట్టు కనబడింది. అయితే బోర్డు చదవడానికి చాలామంది బ్రేకు వేయడం కూడా కనబడింది. వెనక వచ్చే బండికి అది ప్రమాదమే. ఫిన్లాండ్‌లో మంచు పట్టిన రోడ్డు జారుతుందని చెప్పే బోర్డులవల్ల సగటు వేగం గంటకు ఒకటి, రెండు కిలోమీటర్లు తగ్గింది. ఇది చిన్న అంకెలా కనిపిస్తుంది. కానీ జారే రోడ్డు చూసి అప్పటికే తగ్గించుకున్న వేగం మీద అదనంగా తగ్గినదది.

ఈ చర్చను మలుపు తిప్పింది టెక్సాస్. అక్కడ 2012 ఆగస్టు నుంచి నెలలో ఒక వారం పాటు హైవే బోర్డుల మీద ఆ ఏడాది రాష్ట్రంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారి సంఖ్య చూపించారు. ఉద్దేశం మంచిదే. భయపడి జాగ్రత్త పడతారని అనుకున్నారు. నెలలో మిగతా వారాల్లో అదే బోర్డు మీద ఆ అంకె ఉండదు కాబట్టి, పోల్చి చూడడానికి పరిశోధకులకు చక్కని వీలు చిక్కింది. జొనాథన్ హాల్, జాషువా మాడ్సెన్ అనే ఇద్దరు 2022 ఏప్రిల్‌లో సైన్స్ పత్రికలో ఫలితం ప్రచురించారు. చావుల అంకె వెలిగిన వారాల్లో బోర్డు దాటిన తర్వాతి పది కిలోమీటర్లలో ప్రమాదాలు తగ్గలేదు సరికదా, 4.5 శాతం పెరిగాయి. ఒక్క టెక్సాస్‌లోనే దీనివల్ల ఏడాదికి సుమారు 2,600 ప్రమాదాలు, 16 మరణాలు అదనంగా జరిగి ఉంటాయని వారి అంచనా. అంకె పెద్దదయ్యేకొద్దీ, రోడ్డు చిక్కుగా ఉన్నకొద్దీ నష్టం పెరిగింది. మనసును అంత బలంగా పట్టే మాట స్టీరింగు మీది దృష్టిని కొంచెం లాగేసుకుంటుందని వారి వివరణ.

మన రాష్ట్రాల్లో రోడ్డు భద్రత మీద పనిచేసేవాళ్ళు అందరూ ఈ ఫలితాన్ని శ్రద్ధగా చదవాలి. 2022లో భారతదేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు, ప్రమాదాల సంఖ్యలో ఆ ఏడాది మొదటి స్థానం తమిళనాడుదే. ఇంత ఘోరం కళ్ళముందుంటే జనాన్ని భయపెట్టాలన్న ఆలోచన రావడం సహజం. ఆ భయం పెట్టాల్సిన చోటు బడి, ట్రైనింగ్ స్కూలు, లారీ యజమాని ఆఫీసు. ఎనభై కిలోమీటర్ల వేగంలో పోతున్నవాడి నెత్తిమీద మాత్రం కాదు.

ముందున్నదాన్ని ఉన్నదున్నట్టు చెప్పే బోర్డు సంగతి వేరు. అమెరికాలోని టెన్నెసీలో 1990 డిసెంబరులో పొగమంచులో 99 బళ్ళు ఒకదాన్నొకటి గుద్దుకుని 12 మంది చనిపోయారు. ఆ తర్వాత ఆ చోట మంచును కొలిచే పరికరాలు పెట్టి, అవి చెప్పినదాన్ని బట్టి వేగపరిమితినీ హెచ్చరికనీ మార్చే బోర్డులు ఏర్పాటు చేశారు. అక్కడ బోర్డు ఒక పరికరానికి నోరు. దానికి చెప్పడానికి ఏదో ఉన్నప్పుడే మాట్లాడుతుంది.

కోయంబత్తూరు చుట్టూ ఇలా చెప్పవలసిన సంగతులు కుప్పలుగా ఉన్నాయి. సత్యమంగళం మీదుగా చామరాజనగర్ వెళ్ళే దారిలో 27 హెయిర్‌పిన్ మలుపుల దింబం ఘాట్ ఉంది. అడవి జంతువుల రక్షణ కోసం మద్రాసు హైకోర్టు ఆదేశాలతో 2022 ఫిబ్రవరి నుంచి రాత్రిపూట అక్కడ రాకపోకల మీద ఆంక్షలున్నాయి. సాయంత్రం ఆరు దాటితే భారీ వాహనాలను కొండ ఎక్కనివ్వరు. ఈ విషయం చెప్పే బోర్డు ఘాట్ అడుగున బణ్ణారి చెక్‌పోస్టులో ఉంటే అది చదివే లారీ అప్పటికే చిక్కుకుపోయినట్టు. తెల్లారేదాకా రోడ్డు పక్కన పడిగాపులు కాయడమో, తిరిగి సేలం దారి పట్టడమో తప్ప గతి లేదు. అదే బోర్డు కోయంబత్తూరు దాటకముందే, మధ్యాహ్నం మూడింటికి, ఇప్పుడు బయల్దేరితే ఆరులోపు బణ్ణారి చేరడం కష్టం అని చెబితే డ్రైవరు అవినాశి వైపు మళ్ళి సేలం, ధర్మపురి మీదుగా పోతాడు. ఊటీ, కొడైకెనాల్ వెళ్ళే బళ్ళకు 2024 మే నుంచి ఈ-పాస్ తప్పనిసరి చేశారు. ఆ మాట మేట్టుపాళయంలో కాకుండా నీలాంబూరులో కనిపించాలి, కొడై సంగతి వత్తలగుండులో కాకుండా దిండిగల్‌లోనే కనిపించాలి. బోర్డు ఎక్కడ నిలబెట్టారన్నదానికి నా దృష్టిలో అందులో ఏం రాశారన్నదానితో సమానమైన విలువ ఉంది. దారి చీలేచోటుకు ముందు లేని బోర్డు, ఎంత ఖరీదైనదైనా, డ్రైవరుకు వార్త చెబుతుంది తప్ప ఎంపిక ఇవ్వదు.

ఈ ప్రాంతంలోనే, కోయంబత్తూరు జిల్లా వాల్పారై కొండల్లో, ఏ గ్యాంట్రీ లేకుండా నడుస్తున్న ఒక చిన్న వ్యవస్థ ఉంది. నాకు తెలిసిన హెచ్చరిక ఏర్పాట్లలో ఇంత సరళమైనది మరొకటి లేదు. అక్కడ తేయాకు తోటల మధ్య ఏనుగులు తిరుగుతుంటాయి. సాయంత్రం బస్సు దిగి తోటలోని లైన్ ఇళ్ళకు నడిచే కూలీలు చీకట్లో ఏనుగుకు ఎదురుపడి చనిపోతుండేవారు. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్‌కు చెందిన ఎం. ఆనందకుమార్ బృందం ఆ మరణాలను పరిశీలించి, ఏనుగు దగ్గర్లో ఉందన్న సంగతి ముందు తెలియకపోవడమే చాలావాటికి కారణమని గుర్తించింది. అందుకని ఊళ్ళో ఎత్తైన చోట్ల ఎర్ర ఎల్‌ఈడీ దీపాలు పెట్టారు. చుట్టుపక్కల కిలోమీటరు లోపు ఏనుగులున్నాయని తెలియగానే బాధ్యత తీసుకున్న స్థానికుడు తన సెల్‌ఫోన్ నుంచి కాల్ చేసి దీపం వెలిగిస్తాడు, ఏనుగులు వెళ్ళిపోయాక ఆర్పుతాడు. దీనికి తోడు ఎస్‌ఎంఎస్‌లు, లోకల్ కేబుల్ టీవీలో అడుగున పాకే వార్త. దీపం మీద ఒక్క అక్షరం లేదు. చదువు రాని ముసలమ్మకూ, అస్సాం నుంచి కొత్తగా వచ్చిన కూలీకీ, బస్సు డ్రైవరుకూ ఒకే క్షణంలో అర్థమవుతుంది. ఆనందకుమార్‌కు 2015లో విట్లీ అవార్డు వచ్చింది.

ఆ దీపాన్ని జనం ఎందుకు నమ్ముతారంటే అది ఊరికే వెలగదు. వెలిగించేది తమ ఊరివాడు, ఆర్పడం కూడా మరిచిపోడు. హైవే బోర్డులో కొరవడుతున్నది సరిగ్గా ఇదే. రోడ్డు పని ముగిసినా పని జరుగుతున్నదని చెప్పే బోర్డు, లారీని తీసేశాక కూడా లేన్ మూసి ఉందనే బోర్డు డ్రైవరుకు ఒకటే నేర్పుతాయి, తమను పట్టించుకోవద్దని. ఆ తర్వాత నిజమైన హెచ్చరిక వచ్చినా ఎవరూ వినరు. చెప్పడానికి ఏమీ లేనప్పుడు బోర్డును ఖాళీగా ఉంచాలా, ఏదో ఒకటి చూపాలా అని విదేశాల్లోనూ వాదముంది. ఖాళీగా ఉంటే చెడిపోయిందనుకుంటారని ఒక పక్షం అంటుంది. నాకు తోచినంతలో దీనికి మధ్యేమార్గం ప్రయాణ సమయం. మదురై నుంచి విరుదునగర్‌కు ఇప్పుడు ఇన్ని నిమిషాలు అని చూపితే బోర్డు బతికే ఉందని తెలుస్తుంది, అంకె పెరిగిన రోజు ముందేదో జరిగిందనీ తెలుస్తుంది. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరైంది కాబట్టి, రెండు టోల్ ప్లాజాల మధ్య బళ్ళు ఎంతసేపట్లో వచ్చాయో లెక్కగట్టడం కష్టమేమీ కాదు.

ఫోనులో మ్యాపు ఉండగా ఇదంతా ఎందుకని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్న. రద్దీ ఎక్కడుందో మ్యాపుకు బోర్డుకన్నా బాగా తెలుసు, దారి చూసుకోవడానికి ఫోను వాడడాన్ని 2020 అక్టోబరు నుంచి మోటారు వాహనాల నిబంధనలే అనుమతిస్తున్నాయి. కారు నడిపే ఉద్యోగికి బోర్డు అవసరం నిజంగానే తగ్గింది. కానీ పోలీసులు గంట క్రితం పెట్టిన వన్‌వే, సాయంత్రం ఆరుకు మూసే ఘాట్, అప్పుడే బోల్తాపడిన ట్యాంకర్ నుంచి కారుతున్న రసాయనం వంటివి మ్యాపుకు ఆలస్యంగా తెలుస్తాయి, కొన్నిసార్లు తెలియనే తెలియవు. కొండల్లో సిగ్నల్ ఉండదు. ఫోనులో పాటలు పెట్టుకుని, తెలిసిన దారే కదా అని మ్యాపు తెరవని లారీ డ్రైవర్లు లెక్కలేనంతమంది. ఫోనూ బోర్డూ ఒకే కంట్రోల్ రూము నుంచి ఒకే మాట చెప్పినప్పుడు రెండింటికీ బలం.

ఇక భాష. ఇక్కడి తెలుగువాళ్ళ పరిస్థితి ప్రత్యేకమైనది. పీలమేడులోనో మదురైలోనో పుట్టిన నాయుడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, తమిళం చదువుతాడు, తెలుగు లిపి చాలామందికి రాదు. విజయవాడ నుంచి బియ్యం లోడుతో వచ్చిన డ్రైవరుకు తెలుగు చదవడం వచ్చు, తమిళం ఒక్క అక్షరం రాదు, ఇంగ్లీషు కూడబలుక్కోవాలి. టీ కొట్టు దగ్గర వీళ్ళిద్దరూ హాయిగా మాట్లాడుకోగలరు. బోర్డు కింద మాత్రం ఇద్దరికీ కలిసే అక్షరం లేదు. ప్రతి బోర్డు మీదా తెలుగు కావాలని నేననను. 2017లో తమిళనాడు జాతీయ రహదారుల మైలురాళ్ళ మీద హిందీ కనిపించగానే ఎంత నిరసన వచ్చిందో తెలిసిందే. పైగా ఒక భాషకు ఇంకో భాష జోడిస్తూ పోతే పైన చెప్పిన ఎనిమిది సెకన్లు ఎటూ చాలవు. బొమ్మ దీనికి జవాబు. నేటి ఎల్‌ఈడీ ప్యానెల్ రంగుల్లో బొమ్మ చూపగలదు. ఢీకొన్న రెండు కార్లు, మూసిన లేన్ మీద ఎర్ర ఇంటూ గుర్తు, మళ్ళే బాణం, దాని పక్కన కిలోమీటర్ల అంకె ఉంటే చాలు.

ఈ ఆలోచన తమిళ నేలకు కొత్తదీ కాదు. ధర్మపురి ప్రాంతంలో అదియమాన్ పెరువళి అనే పాత రాజమార్గం మీద దొరికిన 13వ శతాబ్దపు దూరపు రాయి మీద నావల్‌తావళానికి 29 కాదాల దూరమని తమిళంలో చెక్కి ఉంది. దాని కిందే రెండు పెద్ద గుంటలు, తొమ్మిది చిన్న గుంటలు తొలిచారు. పెద్ద గుంట పది, చిన్నది ఒకటి. అక్షరం రాని బండివాడికి వేలు పెట్టి లెక్కపెట్టుకునే వీలు.

అదే ధర్మపురి జిల్లాలో, తెలుగు రాష్ట్రాల లారీలెన్నో సేలం చేరడానికి దిగే తొప్పూరు ఘాట్ ఉంది. డీజిలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగి, బ్రేకులు వేడెక్కి, అదుపు తప్పి ఎన్ని లారీలు అక్కడ ముందు బళ్ళ మీదికి దూసుకుపోయాయో. అక్కడికి కావలసిన బోర్డు ఇంకో రకం. బండి వేగాన్ని కొలిచి, దిగుడు మొదలవకముందే ఆ డ్రైవరు వేగాన్నే అతనికి అంకెల్లో చూపించాలి, పక్కన గేరు బొమ్మ ఉండాలి. తన బండి గురించి చెప్పే బోర్డును డ్రైవరు పట్టించుకుంటాడు.

శబరిమల సీజనులో కేరళ ప్రభుత్వం ఎరుమేలి, పంబల్లో తెలుగులోనూ బోర్డులు పెడుతుంది. అదే రెండు నెలల పాటు మదురై, తేని, కంబం మార్గంలో చీలికకు ముందున్న రెండు మూడు చోట్ల ట్రాలీ మీద నిలబెట్టే ఎల్‌ఈడీ బోర్డులతో తెలుగు, కన్నడ, తమిళాల్లో వంతులవారీగా కంబంమెట్టు బాణం చూపడం పెద్ద ఖర్చు కాదు. ఆ బోర్డు మార్చే అధికారం చెన్నైలోనో ఢిల్లీలోనో కాక, వన్‌వే ఎప్పుడు పెట్టాలో ఎప్పుడు తీయాలో నిర్ణయించే తేని పోలీసు కంట్రోల్ రూము చేతిలోనే ఉండాలి. నిర్వహణ కాంట్రాక్టులో కూడా ఒక్క షరతు మారాలి. బోర్డు నెలలో ఎన్ని గంటలు వెలిగిందో చూసి బిల్లు చెల్లిస్తే గుత్తేదారు దాన్ని వెలిగించే ఉంచుతాడు. 1033కు ఫోను వచ్చిన ఎన్ని నిమిషాలకు సందేశం ఎక్కింది, దారి తెరిచిన ఎన్ని నిమిషాలకు దిగింది అన్న రెండు అంకెల మీద చెల్లించి, ఆ అంకెలను ప్రతి నెలా టోల్ ప్లాజా గోడ మీద అంటిస్తే, డబ్బు కట్టి ఆ రోడ్డు మీద పోయే లారీ డ్రైవరే లెక్క సరిచూస్తాడు.